‘డాక్టర్ జివాగో’: ఆ ప్రేమను విడదీసింది ఎవరు?

ఒమర్ షరీఫ్ పేరు చెబితే పాత ఇంగ్లిష్ సినిమాలు చూసిన పెద్దవాళ్లకు ముందు గుర్తొచ్చేది ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’. ఎడారిలో ఎండమావి మధ్య నుంచి ఒంటె మీద మెల్లమెల్లగా దగ్గరికొచ్చే నల్లబట్టల మనిషి. 1962లో వచ్చిన ఆ ఒక్క సీన్‌తో ఈజిప్టు నటుడు ప్రపంచం మొత్తానికి తెలిసిపోయారు. కానీ ఆయన్ను అసలైన హీరోగా నిలబెట్టింది మూడేళ్ల తర్వాత వచ్చిన ఇంకో సినిమా. అందులో ఎడారి లేదు, ఒంటె లేదు. మంచు, రైళ్లు, యుద్ధం, ఒక డాక్టరు, ఒక నర్సు. అదే ‘డాక్టర్ జివాగో’.

1965 డిసెంబర్ 22న న్యూయార్క్‌లో విడుదలైన ఈ సినిమా మూడు గంటలకు పైనే ఉంటుంది. డైరెక్టర్ డేవిడ్ లీన్, నిర్మాత కార్లో పోంటి, స్క్రిప్టు రాబర్ట్ బోల్ట్. పది ఆస్కార్ నామినేషన్లు, ఐదు అవార్డులు. ఉత్తమ చిత్రం మాత్రం ఆ ఏడాది ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ ఎగరేసుకుపోయింది. ఇప్పటికీ యుద్ధకాలపు ప్రేమకథలు అనగానే మొదటి వరుసలో చెప్పే పేరు ఇదే. అయితే ఈ సినిమాని ఒట్టి లవ్ స్టోరీగా చూసి వదిలేస్తే సగమే చూసినట్టు. తెర మీద విడిపోయిన జంట ఒక్కటే. తెర వెనక కూడా ఇలాంటి జంటలు ఉన్నాయి.

కథ ఏంటంటే

యూరి జివాగో చిన్నప్పుడే తల్లిని పోగొట్టుకున్న పిల్లాడు. మాస్కోలో ఒక మంచి కుటుంబం పెంచుతుంది. డాక్టరు చదువుతాడు, కవిత్వం రాస్తాడు. తనతో పాటు పెరిగిన టోన్యాని పెళ్లి చేసుకుంటాడు. అదే ఊళ్లో లారా ఉంటుంది. బట్టలు కుట్టే దుకాణం నడుపుకునే వితంతువు కూతురు. ఆ తల్లికి అండగా ఉన్నట్టు నటించే కొమరోవ్‌స్కీ అనే లాయరు, స్కూలు వయసు దాటని లారా జీవితాన్ని పాడుచేస్తాడు. ఆ అవమానం తట్టుకోలేక లారా నిండు పార్టీలో అతని మీద పిస్టల్ పేలుస్తుంది. తర్వాత పాషా అనే విప్లవ భావాల కుర్రాణ్ని పెళ్లి చేసుకుంటుంది.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వస్తుంది. పాషా యుద్ధానికెళ్లి తిరిగి రాడు. అతన్ని వెతుక్కుంటూ లారా నర్సుగా వెళ్తుంది. జివాగో ఆర్మీ డాక్టరుగా అక్కడే ఉంటాడు. ఇద్దరూ కలిసి నెలల తరబడి ఒకే ఆసుపత్రిలో గాయపడిన సిపాయిలకు వైద్యం చేస్తారు. ఒకరంటే ఒకరికి ఇష్టమని ఇద్దరికీ తెలుసు. కానీ తప్పు అడుగు వేయరు. యుద్ధం ముగిసి లారా వెళ్లిపోయే రోజు అతను ఖాళీ గదిలో నిలబడితే కూజాలో ఉన్న పొద్దుతిరుగుడు పువ్వుల రేకులు రాలుతుంటాయి. మాట ఒక్కటీ లేదు. సినిమాలో చాలామందికి గుర్తుండిపోయే సీన్లలో ఇదొకటి.

అక్కడి నుంచి దేశమే తల్లకిందులవుతుంది. 1917లో జార్ రాజ్యం కూలి, అదే ఏడాది బోల్షెవిక్కులు అధికారంలోకొస్తారు. జివాగో ఇంటికొచ్చేసరికి ఆ ఇల్లు అతనిది కాదు. పదమూడు కుటుంబాలకు సరిపడా చోటుందని కమిటీ లెక్క తేల్చి, గదులు పంచేసి ఉంటుంది. కట్టెల్లేవు, తిండి లేదు, ఊళ్లో టైఫస్ జ్వరం. కుటుంబాన్ని తీసుకుని రోజుల తరబడి పశువుల్లా కిక్కిరిసిన రైల్లో యూరల్ పర్వతాల వైపు, వరికినో అనే పల్లెకు పారిపోతాడు. ఆ దగ్గర్లోని టౌన్‌లోనే లారా ఉంటుంది. ఈసారి ఇద్దరూ తమను తాము ఆపుకోలేకపోతారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. జివాగోకి పెళ్లయింది, కొడుకున్నాడు, భార్య మళ్లీ గర్భవతి. అతను చేసింది తప్పే. సినిమా ఆ తప్పుకి రంగులద్ది ఒప్పు అని చూపించదు, టోన్యాని గయ్యాళిగా చూపించి మనల్ని మోసం చేయదు కూడా. లారాతో ఇక కలవనని చెప్పేసి ఇంటికొస్తున్న రోజే ఎర్రసైన్యం తరఫు గెరిల్లాలు తమకు డాక్టరు కావాలంటూ దారిలో అతన్ని ఎత్తుకుపోతారు. తప్పించుకుని మంచులో నడుచుకుంటూ వచ్చేసరికి కుటుంబం లేదు. టోన్యా రాసిన ఉత్తరం మాత్రం లారా చేతికి చేరి ఉంటుంది. తమను దేశం నుంచి బహిష్కరించారని, పారిస్ వెళ్లిపోతున్నామని అందులో ఉంటుంది. లారా మంచి మనిషి అని కూడా అదే ఉత్తరంలో రాస్తుంది. చూసేవాళ్లలో చాలామంది సానుభూతి ఆ ఉత్తరం దగ్గర టోన్యా వైపు వెళ్లిపోతుంది. వెళ్లాలి కూడా.

ఇంట్లో పిల్లలతో కలిసి చూసేవాళ్లు ముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. కొమరోవ్‌స్కీ, లారాల మధ్య జరిగేది పెద్దవాళ్ల విషయం. నిరాయుధ ఊరేగింపు మీద గుర్రపు సైనికులు కత్తులతో పడే సీన్ కూడా చిన్నపిల్లలు తట్టుకునేది కాదు.

కాగితం లేనిదే కదలనివ్వని కాలం

మామూలు ప్రేమకథల్లో జంటను విడదీసేది పెద్దలో, డబ్బో, అపార్థమో. ఇందులో అలాంటిదేమీ లేదు. ఇక్కడ విలన్ కొమరోవ్‌స్కీ అనుకుంటాం గానీ, చివర్లో లారాని కాపాడే దారి చూపించేది కూడా ఆ దుర్మార్గుడే. మరి విడదీసింది ఎవరు? ఎవరిల్లు ఎవరిదో తేల్చిన కమిటీ, దేశంలో ఎవరుండాలో రాసిన ఆర్డరు, ఫలానావాడి భార్య అన్న ఒక్క కారణంతో తయారైన అరెస్టు లిస్టు.

పాషా చనిపోలేదు. స్ట్రెల్నికోవ్ అని పేరు మార్చుకుని ఎర్రసైన్యంలో భయంకరమైన కమాండర్ అయ్యాడు. తర్వాత అదే ప్రభుత్వానికి పనికిరాకుండా పోయి, పట్టుబడి, ప్రాణం తీసుకున్నాడు. అతను బతికున్నంత కాలం అతన్ని లాగడానికి లారాని ఎరగా వదిలేశారు. ఇక ఆ అవసరం లేదు, ఇప్పుడు ఆమె వంతు. ఈ సంగతి కొమరోవ్‌స్కీ చెప్పాక, వెనకే వస్తానని అబద్ధం చెప్పి జివాగో ఆమెను స్లెడ్జి బండి ఎక్కిస్తాడు. తర్వాత మంచు పట్టిన ఇంట్లో మేడ మీదికి పరిగెత్తి, గడ్డకట్టిన కిటికీ అద్దం పగలగొట్టి, దూరమైపోతున్న బండిని చూస్తాడు. అంతే.

ఏళ్ల తర్వాత మాస్కోలో ట్రామ్‌లో కూర్చున్న జివాగోకి వీధిలో లారా కనిపిస్తుంది. దిగి పరిగెత్తబోతాడు. గుండె ఆగి రోడ్డు మీదే పడిపోతాడు. ఆమె వెనక్కి తిరిగి చూడకుండా వెళ్లిపోతుంది, అసలు చూడనే లేదు. తర్వాత లారా కూడా స్టాలిన్ కాలపు లేబర్ క్యాంపుల్లో ఎక్కడో ఒక నంబరుగా మాయమైపోయిందని కథ చెబుతున్న జివాగో అన్న యెవ్‌గ్రాఫ్ అంటాడు. ఆ పాత్ర వేసింది అలెక్ గిన్నెస్.

రాసినాయన, అసలు లారా

ఈ నవల రాసింది బోరిస్ పాస్తర్నాక్. 1890లో మాస్కోలో పుట్టారు. తండ్రి పేరున్న చిత్రకారుడు, తల్లి పియానో కళాకారిణి. రష్యాలో ఆయన ముందు కవిగానే ప్రసిద్ధులు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ‘జివాగో’ మొదలుపెట్టి దాదాపు పదేళ్లు రాశారు.

1946లో ‘నోవీ మీర్’ అనే పత్రిక ఆఫీసులో ఆయనకు ఓల్గా ఇవిన్‌స్కాయా పరిచయమయ్యారు. ఆమె అక్కడ ఉద్యోగి. పాస్తర్నాక్‌కి అప్పటికే పెళ్లయింది, భార్యను చివరిదాకా వదల్లేదు. ఓల్గాతో బంధం కూడా చివరిదాకా సాగింది. నవలలో జివాగో చేసిన తప్పే నవల రాసినాయన జీవితంలోనూ ఉందన్నమాట. లారా పాత్ర పూర్తిగా ఓల్గా ఒక్కరే కాదు, ఆయన భార్య జినైదా ఛాయలు కూడా ఉన్నాయని కొందరంటారు. కానీ లోకం మాత్రం ఓల్గానే లారా అనుకుంది. పోలీసులు కూడా.

1949లో ఓల్గాని అరెస్టు చేశారు. పాస్తర్నాక్ లాంటి పెద్ద పేరున్న కవి మీద చెయ్యి వేయలేదు, ఆమెను పట్టుకెళ్లారు. మాస్కోలోని ల్యుబ్యాంకా జైల్లో విచారణ జరుగుతున్నప్పుడు ఆమె గర్భవతి. బిడ్డ దక్కలేదు. ఐదేళ్ల లేబర్ క్యాంపు శిక్ష పడింది. 1953లో స్టాలిన్ చనిపోయాకే విడుదల. పుస్తకం ఇంకా పూర్తి కూడా కాలేదు, అచ్చవడం తర్వాతి సంగతి.

పూర్తయ్యాక ‘నోవీ మీర్’ దాన్ని వేసుకోనంది. విప్లవాన్ని తక్కువ చేశారన్నది అభ్యంతరం. 1956లో ఒక ఇటాలియన్ మనిషి ద్వారా రాతప్రతి మిలాన్‌లోని పబ్లిషర్ ఫెల్త్రినెల్లి చేతికి చేరింది. తమాషా ఏంటంటే ఫెల్త్రినెల్లి కూడా కమ్యూనిస్టే. మాస్కో ఎంత ఒత్తిడి చేసినా వినకుండా 1957 నవంబర్‌లో ఇటాలియన్ భాషలో అచ్చువేశారు. రష్యన్‌లో రాసిన పుస్తకం ముందుగా రష్యన్ తెలియనివాళ్ల చేతికి వెళ్లింది.

1958 అక్టోబర్ 23న పాస్తర్నాక్‌కి నోబెల్ ప్రకటించారు. సంతోషంగా ఒప్పుకుంటూ టెలిగ్రామ్ పంపారు. నాలుగు రోజులకే రచయితల సంఘం నుంచి గెంటేశారు. పేపర్లలో తిట్లు, మీటింగుల్లో తీర్మానాలు, దేశం వదిలి పొమ్మన్న కేకలు. 29వ తేదీకల్లా నోబెల్ వద్దని ఇంకో టెలిగ్రామ్ పంపాల్సి వచ్చింది. దేశం నుంచి పంపేయొద్దని క్రుశ్చేవ్‌కి రాసుకున్నారు. అప్పట్లో మన ప్రధాని నెహ్రూ కూడా ఆయన పక్షాన మాట్లాడారు.

అవతలి పక్షం ఏమైనా నీతిమంతులా అంటే అదీ కాదు. అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ ఈ నవలను రష్యన్ భాషలో గుట్టుగా అచ్చువేయించి, 1958 బ్రస్సెల్స్ ఎగ్జిబిషన్‌కి వచ్చిన సోవియట్ జనానికి పంచిపెట్టిన సంగతి 2014లో బయటికొచ్చిన పత్రాలతో ఖాయమైంది. ఒకరు నిషేధించారు, ఒకరు ఆయుధంగా వాడుకున్నారు. మధ్యలో నలిగింది మాస్కో పక్కన పెరెదెల్కినోలో ఉన్న ముసలాయన, ఆయన్ను నమ్ముకున్న ఆడమనిషి.

రాయల్టీ డబ్బు, ఎనిమిదేళ్ల జైలు

పాస్తర్నాక్ 1960 మే 30న క్యాన్సర్‌తో చనిపోయారు. మూడు నెలలు తిరక్కుండానే ఓల్గా మళ్లీ అరెస్టయ్యారు. ఈసారి రాజకీయ నేరం కాదు, డబ్బు నేరం.

ఆ కేసు ఏంటో అర్థం కావాలంటే రాయల్టీ లెక్క తెలియాలి. పుస్తకం అమ్ముడైనప్పుడల్లా రచయితకు రావాల్సిన వాటా రాయల్టీ. ‘జివాగో’ ఎన్నో భాషల్లో లక్షల కాపీలు పోయింది. ఆ డబ్బంతా విదేశాల్లో ఫెల్త్రినెల్లి దగ్గర పోగవుతోంది. సోవియట్ బ్యాంకు ద్వారా తెప్పించుకుంటే దేశద్రోహపు డబ్బు తీసుకున్నాడని మళ్లీ గొడవ. ఇంకోపక్క ఇక్కడ అచ్చుకు పనులేమీ ఇవ్వడం లేదు, ఇల్లు గడవాలి. అందుకని విదేశాల నుంచి వచ్చేపోయేవాళ్ల చేతికి రూబుల్ నోట్లు ఇచ్చి పంపేవారు. గల్ఫ్ నుంచి హుండీలో డబ్బు పంపడం గురించి విన్నవాళ్లకు ఈ పద్ధతి కొత్తేం కాదు. డబ్బు ఆయన కష్టార్జితమే. వచ్చిన దారి మాత్రం చట్టానికి దొరికిపోయేది.

ఆయన బతికున్నన్నాళ్లు ప్రభుత్వం చూసీచూడనట్టు ఊరుకుంది. చనిపోయాక అదే దారిని స్మగ్లింగ్ కింద చూపించి ఓల్గాకి ఎనిమిదేళ్లు, ఆమె కూతురు ఇరీనాకి మూడేళ్లు వేశారు. కూతురు 1962లో, తల్లి 1964లో బయటికొచ్చారు.

ఓల్గా రెండోసారి క్యాంపు నుంచి బయటపడిన అదే 1964 డిసెంబర్ చివర్లో స్పెయిన్‌లో ‘డాక్టర్ జివాగో’ షూటింగ్ మొదలైంది.

మాస్కో కాదు, మాడ్రిడ్

పుస్తకాన్నే రానివ్వని దేశం సినిమాకి కెమెరా ఎలా పెట్టనిస్తుంది? అందుకే మాస్కో వీధులను మాడ్రిడ్ శివార్లలో సెట్ వేశారు. ట్రామ్ పట్టాలతో సహా. మంచు కోసం చూస్తే ఆ ఏడాది స్పెయిన్‌లో చలే సరిగా పడలేదు. పొలాల మీద తెల్లని పాలరాతి పొడి చల్లారు. మంచుతో నిండిపోయిన వరికినో ఇంట్లో మెరిసేదంతా మంచు కాదు, మైనం. కొన్ని సీన్లకు మాత్రం ఫిన్లండ్ వెళ్లారు. ఉన్నికోట్లు తొడుక్కున్న నటులు ఎండలో చెమట్లు కక్కుతూ చలికి వణికినట్టు నటించాల్సి వచ్చింది.

అప్పుడు స్పెయిన్‌ని ఏలుతున్నది నియంత ఫ్రాంకో. కమ్యూనిస్టులంటే పడదు. రాత్రిపూట ఊరేగింపు సీన్ తీస్తూ జూనియర్ ఆర్టిస్టులందరూ కమ్యూనిస్టు గీతం అందుకుంటే, చుట్టుపక్కల ఇళ్లవాళ్లు ఫ్రాంకో పని అయిపోయిందనుకున్నారట, పోలీసులు పరిగెత్తుకొచ్చారట. యూనిట్‌లోవాళ్లు చెప్పుకున్న ముచ్చట ఇది. కమ్యూనిస్టు దేశం వద్దన్న కథను కమ్యూనిస్టులను జైల్లో పెట్టే దేశంలో తీశారు.

లారాగా చేసిన జూలీ క్రిస్టీ పుట్టింది మన దేశంలోనే, అస్సాం టీ తోటల్లో. టోన్యాగా చేసిన జెరాల్డిన్ చాప్లిన్ చార్లీ చాప్లిన్ కూతురు. మోరిస్ జార్ కట్టిన ‘లారా’ బాణీ సినిమా చూడనివాళ్లకు కూడా తెలుసు. బలలైకా అనే మూడు తీగల రష్యన్ వాయిద్యం మీద వచ్చే ఆ ట్యూన్ చాలా పనే చేస్తుంది. హీరో కవి అయినా సినిమాలో అతని కవిత ఒక్క లైను కూడా వినిపించదు. కవిత్వం ఉండాల్సిన చోటల్లా డైరెక్టర్ ఈ ట్యూన్ వేశారు. నవల చదివినవాళ్లు దీన్ని పెద్ద లోటనే అంటారు. విడుదలప్పుడు అమెరికా విమర్శకులు కూడా విప్లవాన్ని ప్రేమకథకు వెనక తెరలా మార్చేశారని దులిపేశారు. అందులో కొంత నిజముంది. జనం మాత్రం అవేమీ పట్టించుకోకుండా క్యూ కట్టారు.

ఒమర్ షరీఫ్ పోగొట్టుకున్నది

షరీఫ్ మొదట అడిగింది పాషా వేషం. జివాగోవి నువ్వే అని లీన్ చెబితే ఆయనే ఆశ్చర్యపోయారు. రష్యన్‌లా కనబడటానికి నుదుటి జుట్టు గొరిగించుకుని, కంటి కొసలను టేపుతో వెనక్కి లాగి కట్టుకున్నారు. చిన్నప్పటి జివాగోగా కనిపించే పిల్లాడు ఆయన సొంత కొడుకు తారెక్.

ఆయన 1932లో అలెగ్జాండ్రియాలో ఒక క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. అసలు పేరు మిషెల్ షల్‌హూబ్. ఈజిప్టు సినిమాకు మహారాణి లాంటి ఫాతెన్ హమామాతో నటిస్తూ ఆమెను ఇష్టపడి, ఇస్లాం స్వీకరించి, 1955లో నికా చేసుకున్నారు. పదేళ్లు ఈజిప్టులో ఆ జంటకు ఉన్న క్రేజ్ ఇంకెవరికీ లేదు.

ఇక్కడా అడ్డొచ్చింది కాగితమే. నాసర్ పాలనలో ఈజిప్టు మనిషి దేశం దాటాలంటే ప్రతిసారీ ఎగ్జిట్ వీసా కావాలి. గల్ఫ్‌లో పనిచేసి వచ్చినవాళ్లకు ఆ ముద్ర కోసం ఎదురుచూపు ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఒకసారి ఇంటికెళ్తే మళ్లీ రానిస్తారో లేదో తెలియక, 1965లో ‘జివాగో’ రోజుల్లోనే ఆయన యూరప్‌లో ఉండిపోయారు. ఆ నిర్ణయానికి తన కాపురం మూల్యంగా చెల్లించానని తర్వాత ఆయనే చెప్పుకున్నారు. తర్వాతి ఏడాదికల్లా దంపతులు దూరమయ్యారు, 1974లో విడాకులయ్యాయి. ఫాతెన్ మళ్లీ పెళ్లి చేసుకున్నారు. షరీఫ్ చేసుకోలేదు. హోటల్ గదుల్లో, బ్రిడ్జి పేకాటలో ఏళ్లు గడిచిపోయాయి.

2015 జనవరిలో ఫాతెన్ కైరోలో కన్నుమూశారు. అదే ఏడాది జులై 10న 83 ఏళ్ల వయసులో షరీఫ్ ఇంతెకాల్, అదీ కైరోలోనే. అప్పటికి ఆయనకు మతిమరుపు జబ్బు ముదిరింది. ‘డాక్టర్ జివాగో’ గుర్తుంటుంది గానీ ఎప్పుడు తీశారో గుర్తుండదని, ఒక్కోసారి సినిమా గురించి మాట్లాడుతూనే దాని పేరు మర్చిపోతారని తారెక్ అంతకు కొన్ని నెలల ముందు చెప్పారు.

రష్యాలో ఎప్పుడు చూశారు?

గోర్బచేవ్ వచ్చాక, 1988లో నవల సోవియట్ యూనియన్‌లో అచ్చయింది. అదీ ఒకప్పుడు కాదన్న ‘నోవీ మీర్’లోనే. 1989లో పాస్తర్నాక్ కొడుకు వెళ్లి తండ్రి తరఫున నోబెల్ పతకం అందుకున్నారు. సినిమా రష్యా జనం ముందుకు రావడానికి మాత్రం 1994 దాకా పట్టింది. అప్పటికి ఆ కథలోని దేశమే లేదు.

ఓల్గా మీద కేసులు తప్పని 1988లో ప్రభుత్వం ఒప్పుకుంది. అరెస్టు చేసినప్పుడు పట్టుకెళ్లిన కాగితాలు తిరిగిమ్మని ఆమె అడిగారు. పాస్తర్నాక్ తనకు రాసిన ఉత్తరాలు, రాతప్రతులు అందులోనే ఉన్నాయి. ఏళ్లపాటు కోర్టుల చుట్టూ తిరిగారు. పాస్తర్నాక్ కోడలు అడ్డుపడ్డారు. అవి ఆమెవేనని చూపించే యాజమాన్య రుజువు లేదు కాబట్టి ప్రభుత్వ ఆర్కైవ్‌లోనే ఉండాలని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఓల్గా 1995లో చనిపోయారు. ఉత్తరాలు ఆమె చేతికి రాలేదు.